విత్తులోనే ఉన్న జబ్బు

చిన్నపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది. ఆ పొర నిండా వేళ్లలా పొడుచుకొచ్చిన చూషకాలు ఉంటాయి. పాలలోని చక్కెరనీ, కొవ్వునీ, నీటినీ ఒంట్లోకి లాగేది అవే. చూషకాల మొదళ్ల చుట్టూ సన్నటి గుంతలు. కణం పుట్టేది గుంత అడుగున, చచ్చేది చూషకం కొసన. వెనక పుట్టినవి తోస్తుంటే మెల్లగా గోడెక్కుతూ, దారిలోనే పని నేర్చుకుని, కొసకు చేరాక రాలిపోతుంది. రోటావైరస్ సోకిన పసిబిడ్డలో దెబ్బతినేది పైనున్న ముదురు కణాలే. అడుగున నారుమడి పదిలంగా ఉంటుంది. అందుకే ఓఆర్‌ఎస్‌తో ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే చాలు, కొన్ని రోజుల్లో పేగు తనకు తానే కోలుకుంటుంది.

చాలా అరుదుగా కొందరు పిల్లలకు ఆ నారులోనే దోషం ఉంటుంది. మైక్రోవిల్లస్ ఇన్‌క్లూజన్ అనే జబ్బు అలాంటిది. పుట్టిన తొలి రోజుల్లోనే నీళ్ల విరేచనాలు మొదలవుతాయి, డైపర్‌లో చూసి మూత్రమని పొరబడేంత పల్చగా. పాలు మాన్పించినా ఆగవు. 1978లో టొరంటో వైద్యులు ఈ జబ్బును మొదటిసారి వర్ణించారు. చాలామంది రోగుల్లో తప్పు మయోసిన్ 5బి జన్యువులో ఉందని 2008లో తేలింది. కణం పైఅంచున బ్రష్ కుచ్చులా నిలబడాల్సిన సూక్ష్మచూషకాలు కణం లోపలే తిత్తుల్లో చిక్కుకుపోతాయి. పొర ఎన్నిసార్లు కొత్తదైనా లాభం లేదు, వచ్చే ప్రతి కణమూ అదే తప్పును మోసుకొస్తుంది. ఇక మిగిలేవి రెండే దారులు: పోషకాలన్నీ రక్తనాళం ద్వారా ఎక్కించడం, లేదా పేగు మార్పిడి.

ఈ నారుమడిని పట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో హాన్స్ క్లెవర్స్ బృందం. ఆయన మొదట పేగుల మనిషి కాడు. రోగనిరోధక కణాల మీద పనిచేసేవాడు. ఆ కణాల్లో దొరికిన ఒక ప్రోటీన్‌కు దగ్గరి చుట్టమైన టీసీఎఫ్4 జన్యువును ఎలుకల్లో తొలగించి చూస్తే, వాటి చిన్నపేగులో విభజన చెందే కణాలే లేకుండా పోయాయి. ఎలుకపిల్లలు పుట్టిన కాసేపటికే చనిపోయాయి. అది 1998. 2007లో అదే ప్రయోగశాలలో నిక్ బార్కర్, గుంత అడుగున ఇరుకుగా కూర్చున్న సన్నటి కణాలే మూలకణాలని ఎల్‌జీఆర్5 అనే గుర్తుతో నిరూపించాడు. ఇవి మరీ మరుగున ఉన్న కణాలేం కాదు; 1974లోనే మాంట్రియల్‌లో చెంగ్, లెబ్లాన్ వీటిని చూసి, మూలకణాలు ఇవే కావచ్చన్నారు. లోకం నమ్మడానికి ముప్పై ఏళ్లు దాటింది.

తర్వాతి అడుగు జపాన్ వైద్యుడు తొషిరో సాటోది. చుట్టూ కండ, నరం, రక్తం లేనిదే పేగు కణం బతకదని అప్పటిదాకా అందరి నమ్మకం. సాటో ఒకే ఒక్క మూలకణాన్ని చుక్కంత జెల్‌లో ఉంచాడు. ఆ జెల్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లలా జారుతుంది, ఒంటి వేడి తగిలితే గడ్డకడుతుంది. దానికి మూడు రకాల ప్రోటీన్లు అందించాడు. కణం ముందు గుండ్రటి బుడగ అయింది. తర్వాత బుడగకు మొగ్గలు వచ్చాయి. ఒక్కో మొగ్గా ఒక గుంతే, అడుగున మళ్లీ మూలకణాలు. మధ్యలో బోలు, వయసైన కణాలు అచ్చం పేగులో మాదిరే ఆ బోలులోకి రాలుతున్నాయి. 2009లో అచ్చయిన ఈ బుల్లి పేగులకే ఆర్గనాయిడ్లని పేరు. రెండేళ్లకు మనిషి పేగు నుంచీ వీటిని పెంచగలిగారు.

పిల్లల జబ్బుల వైద్యానికి ఇదెంత కీలకమో ఉట్రెక్ట్‌లోనే విల్హెల్మినా పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన సబీన్ మిడెన్‌డార్ప్ పరిశోధనల్లో తెలుస్తుంది. మూలకణం తానెక్కడి నుంచి వచ్చిందో మరిచిపోదని ఆమె బృందం 2014లో చూపింది: చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసినది డిష్‌లోనూ మొదటి భాగంగానే, చివరి భాగం నుంచి తీసినది చివరి భాగంగానే పెరుగుతుంది. చోటునే మరవని కణం జబ్బును మాత్రం ఎలా మరుస్తుంది? మైక్రోవిల్లస్ జబ్బులో ఒక రకానికి సింటాక్సిన్ 3 జన్యువు కారణమని అదే ఏడాది బయటపడింది. ఆ రోగుల బయాప్సీ ముక్కల నుంచి పెంచిన ఆర్గనాయిడ్లలో కూడా జబ్బు లక్షణాలు చాలావరకు కనిపించాయి. 2018లో ఆమె బృందం పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే మరో జన్యువును, డీజీఏటీ1ను, పరిశీలించింది. అది చెడితే పేగు కణం తాను పీల్చిన కొవ్వును బొట్లుగా కూర్చి దాచుకోలేదు, ఆ కొవ్వే కణానికి విషమవుతుంది. అలాంటి పిల్లలకు ఆహారంలో కొవ్వు తగ్గించడమే మందులా పనిచేస్తుంది. పేరు తెలియని విరేచనాలకు పేరు దొరికితే ఒరిగేదేమిటనే వారికి ఇదొక జవాబు.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను ఊపిరితిత్తుల జబ్బుగానే చెప్పుకుంటారు గానీ, ఈ జబ్బుతో పుట్టిన కొందరు శిశువుల్లో అది మొదట బయటపడేది పేగులోనే. తొలి మలం బంకలా గట్టిపడి అడ్డుపడుతుంది. 2013లో ఉట్రెక్ట్‌లోనే జెఫ్రీ బేక్‌మన్ బృందం దీనికి ఓ తేలికపాటి పరీక్ష కనిపెట్టింది. మలద్వారం లోపలి నుంచి చిటికెడు ముక్క తీసి ఆర్గనాయిడ్లు పెంచి, ఫోర్‌స్కోలిన్ అనే రసాయనం కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్నవి గంటలోపే నీరు నింపుకుని ఉబ్బుతాయి, జబ్బువి ఉబ్బవు. మందు కలిపాక ఉబ్బితే, ఆ మందు ఆ రోగికి పనిచేసే అవకాశం ఉన్నట్టు. ఔషధ పరీక్షలకు సరిపడా రోగులే దొరకని అరుదైన ఉత్పరివర్తనలకు ఈ పద్ధతి పెద్ద అండ.

పాడైన పేగు స్థానంలో కొత్త పేగు పెట్టడం ఇంకా దూరంలోనే ఉంది. ఆర్గనాయిడ్‌కు రక్తనాళాలు ఉండవు, ఆహారాన్ని ముందుకు నెట్టే కండరమూ ఉండదు. 2020లో లండన్‌లో వివియన్ లీ, పిల్లల శస్త్రవైద్యుడు పాలో డి కొప్పి కలిసి, పేగు పనిచేయని పిల్లల కణాలను పెంచి, కణాలన్నీ కడిగేసిన మనిషి పేగు చట్రం మీద నాటారు. ఆ ముక్క ఎలుక ఒంట్లో నిలదొక్కుకుంది. పేగు పొడవు చాలని పిల్లలకైతే సొంత కణాలు సరిపోతాయి. మైక్రోవిల్లస్ జబ్బు ఉన్నవారికి నాటే ముందు విత్తును దిద్దాలి. ఆ జబ్బులో కాకపోయినా, సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఆ పని 2013లోనే జరిగింది: ఇద్దరు రోగుల మూలకణాల్లోని తప్పు జన్యువును క్లెవర్స్ బృందం క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో సరిచేసింది. ఆ ఆర్గనాయిడ్లు ఫోర్‌స్కోలిన్ తగలగానే ఉబ్బాయి.