గడ్డిపోచలతో క్రిస్మస్

సూరత్‌లో మరమగ్గాలను నమ్ముకున్న తెలుగు కార్మికుల ఇళ్లలో డబ్బుతోపాటు తీరిక కూడా తక్కువే. షిఫ్టు సాధారణంగా 12 గంటలు; కూలి నేసిన మీటర్ల లెక్కన. క్రిస్మస్ జరుపుకునే ఇంటికి కొత్త బట్టలు, కేకు, మెరిసే నక్షత్రం అప్పు చేసైనా వస్తాయి. తండ్రి పిల్లలతో కూర్చునే గంట మాత్రం అప్పుగా దొరకదు. వారు ఎక్కువగా కోరేది అదే.

దీనికి పాత మార్గం ఒకటుంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ యేసు పుట్టుకను ఊరివారి కళ్లకు కట్టించదలచాడు. అందుకు ఆయన సమకూర్చినవి ఒక మేతతొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. అంతే. నేటి పశువులపాక అలంకరణకు ఆ రాత్రే ప్రేరణ. ఆయన బాటలో నడిచిన కపూచిన్ సన్యాసులు 17వ శతాబ్దంలోనే సూరత్‌లో నివసించారు; 1664లో నగరాన్ని కొల్లగొట్టిన శివాజీ వారి జోలికి పోలేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు.

పాకకు కొనవలసినది దాదాపు ఏమీ లేదు. అట్టపెట్టె గోడలవుతుంది. బట్టల నగరంలో గుడ్డపీలికలకు కరువా? గొల్లలకు, జ్ఞానులకు అవే దుస్తులు. మట్టిబొమ్మలు పిల్లలే చేయవచ్చు. గాడిద కుక్కలా కనిపించినా సరిదిద్దనక్కరలేదు.

తొట్టి మాత్రం ఖాళీగా ఉంచుతారు. పండుగకు ముందు వచ్చే ఆగమన కాలంలో, బిడ్డ ఒక మంచి పని చేసినప్పుడల్లా అందులో ఒక గడ్డిపోచ వేసే ఆచారం కొన్ని దేశాల క్రైస్తవ గృహాల్లో ఉంది. చెల్లెలికి తన వాటా ఇచ్చినా, పొరుగింటి అవ్వకు నీళ్లు మోసినా ఒక పోచ. షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి వాటిని పిల్లలతో కలిసి లెక్కించడానికి పది నిమిషాలు చాలు. 24వ తేదీ రాత్రి బాలయేసు ప్రతిమను ఆ గడ్డిమీద పడుకోబెడతారు. పరుపు పలుచగా ఉందనిపిస్తే, అప్పటికప్పుడు అమ్మకు రెండు పనులు చేసిపెట్టి మరో రెండు పోచలు వేసే పిల్లలూ ఉంటారు.