వంకర తిరిగిన హ్యాండిల్

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో ఎందరో విద్యార్థులకు సైకిలే ఆసరా. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకం కింద ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లు అందజేసింది. కంకర బాటలో సైకిలు పడినప్పుడు చక్రం ఒక దిక్కు, హ్యాండిల్ మరొక దిక్కు చూస్తాయి. హ్యాండిల్ వంగిపోయిందని భయపడతాం. నిజానికి చాలాసార్లు అది వంగదు; పట్టు తప్పి పక్కకు తిరుగుతుంది.

సాధారణ సైకిలులో హ్యాండిల్ కాడ ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. పైనున్న పొడవాటి బోల్టును బిగిస్తే, అడుగునున్న శంకువు వంటి ముక్క పైకి వచ్చి, కాడను గొట్టం గోడకు అదిమిపట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలడానికి బోల్టును పానాతో రెండు మూడు చుట్లు వదులు చేయాలి. పైకి లేచిన బోల్టు తలపై చెక్కముక్క ఉంచి సుత్తితో మెల్లగా తట్టాలి. తరువాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను చక్రానికి లంబంగా నిలిపి, బోల్టును గట్టిగా బిగించాలి. చక్రాన్ని అలాగే పట్టి హ్యాండిల్‌ను తిప్పినప్పుడు కదలకుంటేనే బిగువు సరిపోయినట్లు. బ్రేకులను కూడా పరీక్షించాలి.

గొట్టమే వంగినా, పగులు కనిపించినా హ్యాండిల్‌ను మార్పించాలి. వంగిన లోహాన్ని సాగగొడితే ఆ చోటనే బలహీనపడి, ఒకనాడు నడిదారిలో విరుగుతుంది. కొద్దిపాటి శ్రమకు వెరవవద్దు. పగిలిన హ్యాండిల్‌ను నమ్మవద్దు.