గురి తప్పితే పాదాలు సర్దుకోండి

యూఏఈకి తొలి ఒలింపిక్ పతకం తుపాకీతోనే వచ్చింది. 2004లో ఏథెన్స్‌లో షేక్ అహ్మద్ అల్ మక్తూమ్ డబుల్ ట్రాప్‌లో స్వర్ణం గెలిచారు. ఇక్కడి రేంజిల్లో మనమూ నేర్చుకోవచ్చు. "నా చేతుల్లో అంత బలమెక్కడిది?" అని వెనకాడకండి. బరువు మోసేది కండ కాదు, నిలబడే తీరు.

షాట్‌గన్‌కి ఎడమ పాదం ముందుకు, ఆ మోకాలు కాస్త వంచి, ఒంటి బరువు ముందుకు వెయ్యాలి. ఎగిరే పళ్ళేన్ని వెంబడిస్తూ నడుము నుంచి తిరగాలి. (ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసి చదువుకోండి.)

గగన్ నారంగ్ 2012లో కాంస్యం గెలిచిన ఎయిర్ రైఫిల్‌ది వేరే పద్ధతి. ఎడమ పక్క లక్ష్యం వైపు ఉంచి, ఎడమ మోచేతిని తుంటి ఎముకకు ఆనించి, నడుము పైభాగాన్ని కాస్త వెనక్కి వాల్చాలి. ఐదు కిలోల రైఫిల్ ముందుకు లాగుతుంటే గరిమనాభి పాదాల మీదే నిలవాలి కదా!

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే ఎయిర్ పిస్టల్‌ని ఒంటిచేత్తోనే కాల్చాలి. రెండో చెయ్యి జేబులోనో బెల్టులోనో పెట్టుకుంటారు, అది ఊగితే ఒళ్ళంతా ఊగుతుంది.

నిలబడ్డాక గురిపెట్టి, కళ్ళు మూసి, రెండు ఊపిర్లు తీసి తెరవండి. గురి పక్కకి జరిగిందా? చెయ్యి లాగకండి, పాదాలు జరపండి. ఈ పరీక్ష గుళ్ళు లేని తుపాకీతో, కోచ్ పక్కనుండగానే సుమా!