మంగతాయారు ఏ తెలుగులో చెప్పి ఉంటుంది?

తమిళనాట తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ల గురించి గొప్ప నవల ఏదైనా ఉందా అని ఎవరడిగినా నేను ఒకటే పేరు చెప్తాను: ‘గోపల్ల గ్రామం’. 1976లో వచ్చింది. రాసినవారు కి. రాజనారాయణన్. అందరూ కి.రా. అనే అంటారు. చిక్కల్లా ఏమంటే, అది తమిళ నవల.

కి.రా. 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టినారు. ఇంట్లో మాట తెలుగు. బడిచదువు పెద్దగా సాగలేదు, సేద్యం చేసుకుంటూ బతికినారు, కథలు రాసినారు. ఆ నల్లరేగడి సీమ పల్లెమాటలకు తమిళంలో ఒక నిఘంటువు కూడా కూర్చినారు. ఈ నవలకు కొనసాగింపుగా రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో పుదుచ్చేరిలో పోయినారు. అదే ఇడైసేవల్‌లో అదే 1923లో పుట్టిన కు. అళగిరిసామికి కూడా అకాడమీ వచ్చింది. ఒక చిన్న పల్లెకు రెండు!

నేను బి.కాం. చదివి బ్యాంకులో అప్పులు ఇచ్చి, వసూలు చేసి రిటైరైనవాణ్ణి. నవలల్ని విడదీసి చెప్పే చదువు నాకు లేదు. అయినా ఈ పుస్తకం నాలుగుసార్లు చదివినా. చదివిన ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నా. దాని గురించే ఈ రాత.

కథ ఒక హత్యతో మొదలవుతుంది. ఒంటరిగా నడిచివస్తున్న ఒక ఆడమనిషిని, ఒంటిమీది నగల కోసం ఒక దొంగ నీళ్లలో ముంచి చంపుతాడు. చచ్చేముందు ఆమె వాడి కాలి బొటనవేలు పళ్లతో పట్టేస్తుంది, ఇంక వదలదు. అట్లా దొరికిపోతాడు. ఊరిపెద్దలు కూర్చొని తీర్పు చెప్తారు. వాణ్ణి కొరత వేస్తారు. ఆ పెద్దలు కోట్టైయార్ ఇంటివాళ్లు, గోవిందప్ప నాయకర్ తరం. ఆ ఇంట్లోనే నూరేళ్లు ఎప్పుడో దాటిన మంగతాయారు అనే ముసలవ్వ ఉంటుంది. ఈ వంశం ఇక్కడికి ఎట్లా వచ్చిందో మనకు తెలిసేది ఆవిడ నోటివెంటే.

ఆవిడ చెప్పే కథ మీలో చాలామంది అవ్వల దగ్గర విన్నదే. చెన్నాదేవి అని అందగత్తె. ఆమెమీద తురకరాజు కన్ను పడింది. రాత్రికి రాత్రి కుటుంబమంతా దక్షిణానికి బయలుదేరింది. వెనక గుర్రాలు, ముందర పారే ఏరు. మొక్కుకుంటే అవతలి గట్టున ఉన్న చెట్టు ఒంగి వంతెనైంది. వీళ్లు దాటగానే మళ్లీ నిలబడిపోయింది. ఆ చెట్టును పుస్తకాల తెలుగులో కానుగ అంటారు. మా ఇంట్లో పుంగచెట్టు అంటాం, అది తమిళం నుంచి వచ్చిన పేరు. నవల కమ్మవారిది. మాది వేరే కులం. అయినా మా అవ్వ చెప్పిన కథలోనూ ఇదే చెట్టు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో తొట్టియ నాయకర్ల గురించి కూడా ఇట్లాంటి కథే రాసి ఉంది.

ఇంతమందికి ఒకే చెట్టు ఒంగిందా? బ్యాంకు బుద్ధి కదా, ఒకే తనఖా పత్రం నాలుగు ఖాతాల్లో కనిపిస్తే అనుమానం వస్తుంది.

చరిత్ర వేరే సంగతి కూడా చెప్తుంది. విజయనగర కాలంలోనూ, 16వ శతాబ్దంలో మదురై నాయకుల ఏలుబడి మొదలైన తర్వాతా తెలుగువాళ్లు గుంపులు గుంపులుగా ఈ సీమకు వచ్చినారు. సైన్యంతో వచ్చినవాళ్లున్నారు, పాళెగాళ్లుగా వచ్చినవాళ్లున్నారు, వాళ్ల వెనక నాగలి పట్టుకొని వచ్చినవాళ్లున్నారు. అంటే అందరూ పారిపోయి వచ్చినవాళ్లు కారు, కొందరు ఏలడానికి వచ్చినవాళ్ల వెంట వచ్చినారు. అవ్వల కథల్లో మాత్రం పారిపోవడమే మిగిలింది. దీన్ని ఇప్పుడు తురకలమీద కోపానికి వాడుకునేవాళ్లను చూసినా. అది నాకు నచ్చదు. ఒక కులం కాదు, ఎన్నో కులాలు చెప్పుకునే పాతకథ అది. దాన్ని సాక్ష్యపత్రం చేయకూడదు.

కి.రా. గొప్పదనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆయన కథను కథగా ముసలవ్వ నోట్లో పెట్టినాడు. తను ముందుకొచ్చి అది నిజమని ప్రమాణం చేయలేదు. ఇంకో సంగతి, పారిపోయి వచ్చినవాళ్లే ఇక్కడ అడవిని తగలబెట్టి చేలు చేసుకుంటారు, ఊరు కట్టుకుంటారు, తీర్పులు చెప్తారు, ఒక మనిషిని కొరత వేసేంత పెద్దలవుతారు. దిక్కులేక వచ్చినవాళ్లు దిక్కై కూర్చోవడం, నవల నడుమ ఎముక అదే. చివరికి తెల్లవాళ్ల పాలన కూడా ఆ ఊరికి చేరుతుంది.

పాత్రల్లో నాకు మంగతాయారు తర్వాత ఇష్టమైనవాడు అక్కయ్య. అవును, వాడు మగవాడు, పేరే అక్కయ్య. హైదరాబాదు మిత్రుడొకాయనకు చెప్తే అచ్చుతప్పు అన్నాడు.

ఇప్పుడు నేను ఆగిపోయే చోటు. మంగతాయారు ఈ కథ తమిళంలో చెప్పి ఉండదు. ఆ ఇంట్లో ఎవరూ ఒకరితో ఒకరు తమిళం మాట్లాడి ఉండరు. మనం చదివేది ఒక తెలుగు మాటకు తమిళ రూపం. ఆ తెలుగు మాత్రం ఎక్కడా అచ్చులో లేదు.

అరుప్పుక్కోట్టై వైపు ఒక బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక ముసలామె వచ్చింది, పంటఅప్పు బాకీ. కౌంటరు దగ్గర అంతా తమిళమే. ఎందుకు కట్టలేదని అడిగితే కాసేపు నిలబడి, తలవంచుకొని, ‘కొడుకు పోయినాడు సామీ’ అంది తెలుగులో. నేను తెలుగువాణ్ణని ఆమెకు తెలియదు. తనలో తాను అనుకున్నట్టు అంది. మంగతాయారు దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఆ గొంతే వినపడుతుంది.

అందుకని పోయిన ఏడాది ఆ నవలలో కొన్ని పుటలు తెలుగు చేద్దామని కూర్చున్నా. ఎక్కడా అచ్చువేయడానికి కాదు, మా ఇంటికోసం. తెలుగు అక్షరాలు నాకు చిత్తూరు జిల్లాలో ఉద్యోగం చేసిన మూడేళ్లలో వచ్చినాయి, సినిమా పోస్టర్లు చదివి చదివి. మొదటి వాక్యానికే తగువు. ‘వచ్చాము’ అని రాయాలా, మా అమ్మ అన్నట్టు ‘వస్తిమి’ అని రాయాలా? మా అమ్మ ఎప్పుడో నాలుగైదువందల ఏళ్ల కిందటి వలసను కూడా ‘రాత్రోరాత్రి లేచి వస్తిమి’ అనే చెప్పేది, తను కూడా మూట నెత్తిన పెట్టుకొని నడిచినట్టు. ‘వచ్చాము’ అని రాస్తే ఆ నడక పోతుంది. పత్రికల తెలుగు మంగతాయారు నోట్లో పెడితే ఆవిడ విజయవాడ రేడియోలో వార్తలు చదివినట్టుంది.

చివరికి రాసిన మూడు పుటలు మా అక్కకు ఫోనులో చదివి వినిపించినా. అక్కకు 74 ఏళ్లు, తెలుగు చదవడం రాదు, మాట్లాడటం తప్ప. నేను ‘దాహం’ అనగానే ఆపింది.

‘దాహం యాడిదిరా? దప్పి అను.’

దిద్దుకున్నా. తర్వాత బొటనవేలు కొరికే చోటు చదివినా. అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నా.

‘గట్టిగా కొరికిందా?’ అని అడిగింది.

‘చచ్చినా వదల్లేదక్కా.’

‘మంచిపని చేసింది. ఇంకా చదువు’ అంది. నా దగ్గర ఇంక లేదు, రాసింది అంతే. అప్పటినుంచి రెండురోజులకోసారి ఫోన్ చేసి తర్వాతి పుట అడుగుతా ఉంది.