పంజరములోని పాలపిట్ట



దసరా పండుగ సమీపించుచున్నది. ఆనాటి సాయంకాలము జమ్మిచెట్టుకు పూజ చేసి, ఊరి పొలిమేరకు పోయి పాలపిట్టను చూచి వచ్చుట మన ప్రాంతమున తరతరముల ఆచారము. అజ్ఞాతవాసము ముగించి వచ్చు పాండవులకు ఈ పక్షి కనబడిన పిదపనే జయము కలిగినదని పెద్దలు చెప్పుదురు. మనము పొలమునకు పోయి చూచినంతకాలము పిట్టకు హాని లేకుండెను. ఇప్పుడు పిట్టయే పంజరములో మన వాకిటికి వచ్చుచున్నది.

పండుగకు ముందే కొందరు దీనిని వలలతోను, జిగురుతోను పట్టి, ఎగురకుండ రెక్కలు కట్టియో, ఈకలు కత్తిరించియో ఉంచెదరు. పాలపిట్ట గింజలు తినునది కాదు. మిడుతలు, కీచురాళ్లు, పెంకుపురుగులు దాని ఆహారము. నూకలు చల్లినను ముట్టదు.

కొన్ని యేండ్ల క్రిందట కొడంగల్‌లో మేమును ఒక పంజరము నెదుట నిలిచి జాలిపడి, అడిగినంత పైకమిచ్చి పిట్టను విడిపించితిమి. పుణ్యము చేసితిమని సంతసించితిమి. అది పది గజములైన ఎగురలేక గట్టుప్రక్కన పడెను. తెల్లవారునప్పటికి ఈకలు మాత్రము మిగిలెను. మరుసటి యేడు ఆ మనుష్యుడే మూడు పంజరములతో వచ్చి, మమ్ము గుర్తుపట్టి దండము పెట్టెను. మా జాలియే అతనికి పెట్టుబడి యైనదని అప్పుడు తెలిసినది.

ఇది 2014 నుండి తెలంగాణ రాష్ట్రపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దీనిని పట్టుటయు, పంజరమున నుంచుటయు నేరము. దీని సంఖ్య తగ్గుచున్నదని 2023 నాటి భారతదేశ పక్షుల స్థితి నివేదిక తెలిపినది. కావున పంజరము ఎదురైనచో దర్శనమునకు గాని, విడుదలకు గాని పైకమీయక అటవీశాఖవారికి తెలుపుడు.

పిట్టకు నిజముగ మేలు చేయదలచువారికి చేనులోనే పని కలదు. అది ఎత్తున కూర్చుండి, నేలపై కదలు పురుగును చూచి దూకును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కందికి కాయతొలుచు పురుగే పెద్ద శత్రువు గదా! పూత రాకముందే ఎకరమునకు 20 చొప్పున అడ్డకర్ర కట్టిన గుంజలు పాతినయెడల, ఏట్రింతలు, గోరింకలు వాలి ఆ పురుగును ఏరుకొనును; పాలపిట్ట నేలమీది మిడుతల పని చూచును. గింజ గట్టిపడిన పిమ్మట గుంజలను తీసివేయవలెను, లేనిచో చిలుకలకు పీట వేసినట్లగును. ఎండిన తాటిమోడును వంటచెరకుకై నరకకుడు. వేసవిలో పాలపిట్ట గ్రుడ్లు పెట్టునది అట్టి తొఱ్ఱలలోనే.

గత దసరానాడు మేము కందిచేని గట్టున ప్రొద్దు గ్రుంకువరకు వేచియుంటిమి. ఒక్కటియే కనబడినది, కరెంటు తీగపై.