ఆచార్య కాల్మన్: రొదలోనుండి నిజము

రేడియో మీటను త్రిప్పునపుడు వార్తలతోపాటు గరగర ధ్వనియు వినవచ్చుట మన శ్రోతలకు అనుభవమే. ఆ రొదలోనుండి మాటను ఏరుకొనుట చెవికి అలవాటైన పని. యంత్రమునకు ఈ విద్య నేర్పుట యెట్లు? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దమున చక్కని సమాధానము చెప్పినవారిలో ఆచార్య రుడాల్ఫ్ కాల్మన్ ముఖ్యుడు. స్వయంచాలక నియంత్రణ ఆయన చేపట్టిన శాఖ.

కాల్మన్ 1930 మే 19న బుడాపెస్టులో జన్మించెను. యుద్ధకాలమున, 1943లో, అమెరికాకు తరలిపోయెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రెండు పట్టములు పొంది, 1957లో కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్య రగజీనీ శిష్యుడుగా డాక్టరేటు అందుకొనెను. మరుసటి యేట బాల్టిమోరులోని ఒక పరిశోధన సంస్థలో చేరెను. ఆయన పేరు నిలిపిన పని అక్కడిదే.

రొదను వడకట్టు గణితమును అంతకు పూర్వమే నార్బర్ట్ వీనర్ నిర్మించియుండెను. కాని దానికి గతమంతయు కావలెను. కాల్మన్ మార్గము వేరు. చీకటిలో పోవు ఓడను తలచుకొందము. గంట క్రిందట అది ఎక్కడ నున్నదో, ఎటు, ఎంత వేగముతో పోవుచున్నదో తెలిసినచో, ఇప్పుడెక్కడ నుండునో ఊహింపవచ్చును. అంతలో దూరమున దీపస్తంభము మసకగా కనబడినది. ఆ కొలతనుబట్టి ఓడ వేరొకచోట నున్నట్లు తోచినది. దేనిని నమ్మవలెను? రెంటిని, అయితే సమముగా కాదు. ఏది యెంత నమ్మదగినదో దానికంత తూకము వేసి, నడుమ నొక చోటు నిర్ణయింపవలెను. గాలివాన రేగినచో దీపమునకు తూకము హెచ్చును. మంచు క్రమ్మినచో ఊహకు హెచ్చును. ఈ క్రొత్త నిర్ణయమే రాబోవు గంటకు మొదలు. పాత కొలతలన్నియు దాచి పెట్టుకొన నక్కరలేదు. ఆనాటి చిన్న గణనయంత్రములకు ఇంతకంటె కావలసినదేమి!

ఈ వ్యాసము 1960లో అచ్చైనది; విద్యుత్ ఇంజనీర్ల పత్రికలో గాదు, యాంత్రిక ఇంజనీర్ల సంఘపు పత్రికలో. స్వశాఖీయులు సంశయించుటయే దీనికి కారణమని చెప్పుదురు. ఆ యేటనే మాస్కోలో జరిగిన అంతర్జాతీయ నియంత్రణ మహాసభలో ఆయన రెండు ప్రశ్నలు ముందుంచెను: ఒక వ్యవస్థను మన మనుకొన్న స్థితికి నడపగలమా? దాని లోపలి స్థితిని వెలుపలి కొలతలనుండి తెలిసికొనగలమా? వడపోతకంటె ఈ ప్రశ్నలే ఆ శాస్త్రమును ఎక్కువగా మార్చినవని మా అభిప్రాయము.

ఆ శరత్కాలమున కాల్మన్ కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రమునకు పోయెను. చంద్రయాత్రా మార్గమును లెక్కించుటెట్లని అచ్చట స్టాన్లీ ష్మిట్ బృందము తలపట్టుకొని యున్నది. వారు ఈ వడపోతను తమ సమస్యకు అనువుగా మార్చుకొనిరి. తుదకు అది అపోలో నౌకల మార్గనిర్ణయమునకు ఉపకరించెను.

తరువాతి ఉద్యోగములు క్లుప్తముగా: 1964 నుండి స్టాన్‌ఫర్డు, 1971 నుండి ఫ్లారిడా, 1973 నుండి జూరిక్ సాంకేతిక విద్యాలయమునను ఆచార్య పీఠము. 1985లో క్యోటో బహుమానము, 2008లో డ్రేపర్ బహుమానము లభించెను.

ఉత్తరవయస్సున ఆయన తన శాఖకు కొంత చికాకు కలిగించెను. కొలతలలోని రొద సంభావ్యతా సూత్రములను పాటించునని పరీక్షింపకయే నమ్ముట తగదని వాదించెను. తన పేరు మోసిన వడపోతయే అట్టి నమ్మకముపై నిర్మింపబడినది గదా! ఆయన వెనుదీయలేదు. 2016 జూలై 2న ఫ్లారిడాలోని గేన్స్‌విల్‌లో కన్నుమూసెను.