కొయ్యతో ఇంజన్ల కర్మశాల

ఆవిరి ఇంజన్ల కాలం ముగిసినా వాటిపై మానవునికి గల మక్కువ తీరలేదు. అమెరికా, ఐరోపా దేశాలలో ఎందరో తమ ఇళ్ళలో చిన్న రైలుబాటలు పరచి, వాటి వెంట స్టేషన్లు, వంతెనలు, కొండలు, ఊళ్ళు నిర్మించుకొంటారు. ఇది బాలల ఆట కాదు. అమెరికాలో 1934లోనే ఈ అభిరుచి కోసం 'మోడల్ రైల్‌రోడర్' అనే పత్రిక ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం, అంటే 1935లో, నమూనా రైళ్ళ నిర్మాతల జాతీయ సంఘం ఏర్పడింది.

నమూనా కట్టడాలు బజారులో పెట్టెలలో దొరుకుతాయి. ముక్కలను వరుసగా అతికిస్తే సాయంత్రానికి ఒక స్టేషను సిద్ధమవుతుంది. అయితే ఇతరులు కోసి ఇచ్చిన ముక్కలతో కొందరికి తృప్తి కలుగదు. వారు కొలతలు తామే సేకరించి, పటం తామే గీసి, కలపను తామే కోసి, కట్టడాన్ని మొదటినుంచీ స్వయంగా నిర్మిస్తారు. జాతీయ సంఘం కట్టడాల విభాగంలో ఇచ్చే ప్రావీణ్య పత్రాన్ని పొందాలంటే పన్నెండు కట్టడాలు చేసి చూపాలి. వాటిలో కనీసం ఆరు ఇలా మొదటినుంచీ స్వయంగా చేసినవై ఉండాలి.

ఇటువంటి కట్టడాలలో ఓర్పును, తెలివిని ఎక్కువగా పరీక్షించేది రైలింజన్ల కర్మశాల. షెడ్డు వేరు, కర్మశాల వేరు. షెడ్డులో ఇంజను బొగ్గు, నీరు పట్టించుకొని, చిన్నచిన్న మరమ్మతులు చేయించుకొని మళ్ళీ పనికి పోతుంది. కర్మశాలలో దానిని భాగాలుగా విడదీసి, అరిగిన వాటిని మార్చి, తిరిగి కూరుస్తారు. సికింద్రాబాదులోని లాలాగూడ వర్క్‌షాపు వంటి వాటిని చూసినవారికి ఆ పని విస్తృతి తెలుస్తుంది. అమెరికాలో కలప చౌకగా లభించిన ప్రాంతాలలోని చిన్న రైలు కంపెనీలు పందొమ్మిదవ శతాబ్దంలో ఇటువంటి కర్మశాలలను కొయ్యతోనే కట్టుకొన్నాయి. నిప్పుతో పనిచేసే చోటును కొయ్యతో కట్టడం వింతగా తోచవచ్చు. ఆ వింతకు తగిన మూల్యాన్ని అవి చెల్లించాయి. అనేకం అగ్నికి ఆహుతి అయ్యాయి. డీజిలు ఇంజన్లు వచ్చిన తరువాత మిగిలినవి కూడా పనిలేక కూలిపోయాయి. అందువల్ల నేడు నమూనా చేయబూనినవానికి చాలాసార్లు ఆధారంగా మిగిలేవి పాత ఛాయాచిత్రాలే.

ఛాయాచిత్రం నుంచి కొలతలు రాబట్టడమే మొదటి పని. తలుపు పక్కన ఒక పనివాడు నిలబడి ఉంటే అతని ఎత్తును బట్టి తలుపు ఎత్తును ఊహించవచ్చు. గోడ పలకలను లెక్కించి, ఒక పలక వెడల్పుతో హెచ్చిస్తే గోడ పొడవు తెలుస్తుంది. ఆ తరువాత వచ్చేది స్కేలు. అమెరికాలో ఎక్కువ ప్రచారంలో ఉన్న 'హెచ్‌ఓ' స్కేలులో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. అంటే ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. 200 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు గల కర్మశాల 70 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పుతో బల్లమీద నిలుస్తుంది. ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లకు కుదించుకుపోతాడు. గోడకు ఎనిమిది అంగుళాల పలకలను నిలువుగా బిగించారనుకొంటే, తలుపులు, కిటికీలు తీసివేయకుండా లెక్కిస్తే, ఒక్క పొడవైన గోడకే 300 పలకలు కావాలి. ప్రతి పలక వెడల్పు రెండు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. 'పెద్ద కర్మశాల' అనే మాటలోని 'పెద్ద' అర్థమయ్యేది ఇక్కడే.

కొలతలు కుదిరినంత మాత్రాన కర్మశాల కుదరదు. లోపల ఏ పని ఎక్కడ జరిగేదో నిర్మాతకు తెలియాలి. ఆవిరి ఇంజను చక్రాలను విప్పాలంటే ఇంజనునైనా పైకి ఎత్తాలి, చక్రాలనైనా కిందికి దించాలి. పెద్ద కంపెనీలు ఉక్కు స్తంభాలపై క్రేన్లను నడిపి ఇంజనును మొత్తంగా ఎత్తేవి. కొయ్య స్తంభాలు అంత బరువును మోయడం కష్టం. కనుక పట్టాల కింద లోతైన గొయ్యి తవ్వి, చక్రాల జతను జాకీపై దానిలోకి దించి, పక్కకు జరిపి, వేరొక పట్టామీదికి తీసేవారు. నమూనాలో ఈ గొయ్యి ఉండాలంటే బల్ల చెక్కను ముందే కోసి ఉంచాలి. గోడలు లేచిన తరువాత గొయ్యి సంగతి గుర్తుకు వస్తే కట్టినదంతా విప్పవలసిందే.

యంత్రాల అమరికకూ ఒక కారణముంది. విద్యుత్తు రాకముందు కర్మశాల ఒక మూల ఉన్న ఆవిరి యంత్రం కప్పు కింద వేలాడే పొడవైన ఇరుసును తిప్పేది. ఆ ఇరుసు మీది కప్పీల నుంచి తోలు బెల్టులు దిగివచ్చి లేత్‌లను, రంధ్రాలు చేసే యంత్రాలను నడిపేవి. అందువల్లనే యంత్రాలు ఇరుసు వెంట వరుసలుగా నిలిచేవి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్ట్ బ్రాడ్ టాప్ రైల్వే 1956లో సరకుల రవాణా నిలిపివేసినా, దాని కర్మశాలలో ఈ బెల్టుల ఏర్పాటు చెదరకుండా నిలిచింది. ప్రభుత్వ నిపుణులు కొలిచి గీసిన ఆ కట్టడాల పటాలు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. నమూనా నిర్మాతలకు ఇంతకన్న నమ్మదగిన ఆధారం అరుదు.

ఇక కలప. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి ఎటువంటిదో, ఈ పనికి బాస్‌వుడ్ అటువంటిది. తేలికగా కోతకు లొంగుతుంది. దాని చార సన్నగా ఉంటుంది కనుక చిన్న స్కేలులో ఎబ్బెట్టుగా కనిపించదు. బాల్సా ఇంకా మెత్తనిదే గాని కోసిన చోట నూగు లేస్తుంది. పుల్లలకు పాతదనం కలిగించడానికి ఇండియా ఇంకును కొద్దిగా ఆల్కహాలులో కలిపి పూస్తారు. ఈ పూత అతికించడానికి ముందే జరగాలి. జిగురు పీల్చుకొన్న కొయ్య రంగును పీల్చుకోదు. తొందరపడి ముందు అతికించినవారి గోడలపై జిగురు చుక్కలన్నీ తెల్లమచ్చలై ఎప్పటికీ వెక్కిరిస్తుంటాయి.

కప్పును మోసే త్రికోణపు చట్రాలను ట్రస్సులు అంటారు. విలియం హోవ్ 1840లో పేటెంటు పొందిన ట్రస్సులో వాలుగా ఉండే కొయ్యలు ఒత్తిడిని భరిస్తాయి, నిలువుగా ఉండే ఇనుప కడ్డీలు లాగుడును భరిస్తాయి. ఒత్తిడికి కొయ్య, లాగుడుకు ఇనుము అన్న ఈ విభజన తెలియనివాడు నమూనాలో కడ్డీని కొయ్య చోట, కొయ్యను కడ్డీ చోట పెడతాడు. బల్లమీది కప్పు దానివల్ల కూలదు గాని, తెలిసినవారి కన్ను వెంటనే అక్కడ ఆగుతుంది. ట్రస్సులన్నీ ఒకే తీరుగా రావడానికి పటంపై మైనపు కాగితం పరచి, చుట్టూ చిన్న దిమ్మెలు బిగించి, ఆ అచ్చులోనే ఒకదాని తరువాత ఒకటి కూరుస్తారు. మొదటిది చేయడంలో ఉత్సాహముంటుంది. పదిహేనవది చేయడంలో ఓర్పు ఉండాలి.

గోడలు నిలిపే ముందు తలుపులోనుంచి ఇంజనును ఒకసారి నడిపి చూడడం మంచిది. పటంలో సరిపోయిన తలుపు, కింద పట్టా ఎత్తు కలిసిన తరువాత సరిపోకపోవచ్చు. ఇంజను పొగగొట్టం తలుపు కమ్మీకి తగిలిన తరువాత చేసే సవరణ ఎన్నడూ అందంగా ఉండదు.

చివరకు మిగిలేది కాలపు జాడ. మసి ఇష్టం వచ్చిన చోట పూసేది కాదు. ఇంజను నిలిచే స్థానానికి సరిగ్గా పైన కప్పులో పొగగూడు ఉంటుంది. దాని చుట్టూ, తలుపుల పై అంచున మసి పేరుకొంటుంది. చూరు నీరు చిమ్మే చోట గోడ అడుగు పలకలు నెరుస్తాయి. నేలపై నూనె మరకలు పిట్టుల పక్కనే ఉంటాయి. లోపలి పని కనిపించడానికి చాలామంది కప్పును అతికించకుండా, మూతవలె తీసిపెట్టేటట్లు ఉంచుతారు.

ఈ పాతదనాన్ని కళగా మార్చినవారిలో అగ్రగణ్యుడు జాన్ అలెన్. కాలిఫోర్నియాలోని మాంటరే పట్టణంలో, తన ఇంటి నేలమాళిగలో ఆయన నిర్మించిన 'గోర్ అండ్ డెఫిటెడ్' రైలుబాట ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1973 జనవరిలో ఆయన మరణించాడు. కొద్ది రోజులకే ఆ ఇంటిలో నిప్పంటుకొని, ఏళ్ళ తరబడి చేసిన పని చాలావరకు దగ్ధమైపోయింది. అలెన్ వృత్తిరీత్యా ఛాయాగ్రాహకుడు. తన కట్టడాలను ఆయనే శ్రద్ధగా ఫోటోలు తీసి పత్రికలలో ప్రచురించాడు. నేటి నిర్మాతలు ఆ ఫోటోలలోని పలకలను లెక్కించి, కిటికీలను కొలిచి, ఆయన నమూనాలకు మళ్ళీ నమూనాలు చేస్తున్నారు.